బావగారి మీద పోటీ

హెమ్లాక్ బే,
1978 జూన్ 14, బుధవారం.

టౌనోకి హెల్మి రాస్తున్నది.

నేనూ సైమా ఒంట్లో బాగానే ఉన్నాం. సరస్సు మీద గాలులు మిమ్మల్ని ఎక్కువ సతాయించకుండా, నీ నడుం నొప్పి కూడా తగ్గి, ఓడలో నువ్వు కులాసాగానే ఉన్నావనుకుంటాను. డులూత్ రేవులో ఖనిజం ఎక్కించేటప్పుడు వేసిన నీ ఉత్తరం శుక్రవారం అందింది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. బావి పంపుకి నేనే వాషరు మార్చాను, ఇప్పుడు నీళ్ళు సరిగ్గా వస్తున్నాయి. సైమాకి ముందు పన్ను ఊడింది. నీకు చూపించాలని అగ్గిపెట్టెలో దాచుకుంది. బంగాళాదుంపలు ఈసారి ఆలస్యంగా మొలిచాయి, అందులో ఒక వరుస జింకలు మేసిపోయాయి. ఇక స్కూలు బోర్డు ఎన్నిక గురించి ఒక్క ఉత్తరంలోనే మూడు చోట్ల అడిగావు. ఏ సంగతీ రెండోసారి అడిగే మనిషివి కావు నువ్వు. అది గమనించాను.

సోమవారం ఓట్లు పడ్డాయి. ఫలితం చెబుతాను గాని, ముందు జరిగింది వరుసగా చెప్పనీ.

మన ఊరి బడి మూసేసి, పిల్లల్ని ఇరవయ్యారు మైళ్ళు బస్సులో పట్నం పంపాలని మీ అన్నయ్య అన్నప్పుడే నేను పోటీకి నిలబడతానన్నాను. పన్నెండేళ్ళుగా బోర్డులో ఉన్న బావగారి మీద మరదలు పోటీ ఏమిటని ఊరు నవ్వింది. కొట్లో ముసలి మట్టీ, "ఇద్దరూ హౌతల ఇంటివాళ్ళే కదా. ఎవరు గెలిచినా ఆ ఇంట్లో పోట్లాట ఖాయం" అన్నాడు. అప్పుడు నేనూ నవ్వాను.

ఏప్రిల్ సభలో ఏం మాట్లాడాలో బాగా ఆలోచించుకునే వెళ్ళాను. పోయిన చలికాలం కొండ దారి మంచుతో పూడిపోయి బస్సు నడవని రోజులు పదకొండు. ఆ మాట అడుగుదామని లేవబోయేలోగా మీ అన్నయ్య లేచాడు. "పదకొండు రోజుల గురించి ఎవరైనా అడగొచ్చు" అంటూ జేబులోంచి కాగితం తీసి, ఆ దారికి ఇకనుంచి మంచు తీసే బండి ముందుగా వస్తుందని చదివేశాడు. నేను తెచ్చుకున్న కాగితం ఒళ్ళోనే ఉండిపోయింది. మే నెలలో, పాత పంతులమ్మ మిస్ క్రాండల్‌ని సభకి తీసుకొచ్చి మాట్లాడించాలనుకున్నాను. ముందురోజే బావగారు ఆమె ఇంటికి వెళ్ళి టీ తాగి, ఈ వయసులో గొడవలెందుకని ఆమె మనసు మార్చి వచ్చాడు.

ఇవన్నీ మన వంటింటి బల్ల దగ్గర అనుకున్న మాటలు. ఆ బల్ల దగ్గర నాతో కాఫీ తాగేది ఐలీ ఒక్కతే. దాంతో ఐలీ మీద అనుమానం పడింది. ఆమె వచ్చినా తలుపు తీయడం మానేశాను. ఒకరోజు కొట్లో, నలుగురి ముందు, "నా ఇంట్లో తాగిన కాఫీ మా బావగారింట్లో కక్కుతున్నావటగా" అన్నాను.

ఐలీ చేతిలో పిండి సంచి కింద పెట్టింది. "ఇరవయ్యేళ్ళ స్నేహం హెల్మీ. నన్ను పక్కకి పిలిచి అడగాల్సింది" అంది. సంచి అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఐలీ రాకపోకలు ఆగాయి, మాటలు పొక్కడం మాత్రం ఆగలేదు. అప్పుడు సైమాని అనుమానించాను. శనివారం ఆవిరి స్నానానికి పెదనాన్నగారింటికి వెళుతుంది కదా. "ఆయన నిన్నేం అడుగుతాడు? నువ్వేం చెబుతావు?" అని పిల్ల ఏడ్చేదాకా అడిగాను. "పడవ కథలు చెబుతాడమ్మా, అంతే" అంది వెక్కుతూ. ఆ తర్వాత టెలిఫోన్ మీద అనుమానం. మన లైను మీద ఇంకో నాలుగిళ్ళు ఉన్నాయి, ఎవరైనా వినొచ్చు. ఫోన్లో ఎన్నిక మాట ఎత్తడం మానేశాను. కిటికీ మూసి గాని ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఊళ్ళో ఎవరు పలకరించినా, ఎందుకు పలకరించారా అని ఆలోచించేదాన్ని. ఇలా ఒక్కొక్కరినీ తీసేస్తూ పోతే చివరికి మిగిలింది ప్రతి ఆదివారం నేను నీకు రాసే ఉత్తరం. అక్కడికి రాగానే లేచి అంట్లు తోమాను, తోమినవే మళ్ళీ తోమాను.

టౌనో, ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. బడి మూస్తే పిల్లలకి చర్చి కింద గదిలో పాఠాలు పెట్టించమని అడుగుతానని మే చివరి ఉత్తరంలో నీకు రాశాను. అది అబద్ధం. అలాంటి ఆలోచన నాకు ఎప్పుడూ లేదు. ఆ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు, సైమాకి కూడా. నీ ఒక్కడికే రాసి, నేనే పోస్టులో వేసి, రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

పోయిన బుధవారం చివరి సభ. మీ అన్నయ్య లేచి, "కొందరు చర్చి కింద గది అనుకుంటున్నారట. అక్కడ చెమ్మ, పిల్లలకి మంచిది కాదు" అన్నాడు. పాస్టరు బిత్తరపోయి అటూ ఇటూ చూశాడు. ఎవరనుకుంటున్నారో ఎవరికీ అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. మీ అన్నయ్య పడవకి తారు పూస్తున్నాడు.

"కూర్చో హెల్మీ."

"కూర్చోడానికి రాలేదు బావగారూ. చర్చి సంగతి మీకెవరు చెప్పారు?"

కుంచె డబ్బాలో పెట్టాడు. "టౌనో రాశాడు."

"మీరు అడిగారా?"

"అడగలేదు. వద్దనీ అనలేదు."

"అది నేను కల్పించిన మాట."

"తమ్ముడికి ఎర వేశావా?" అన్నాడు. "పెద్ద చేపే పడింది" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. లోపలికెళ్ళి నీ ఉత్తరాలు తెచ్చి చేతిలో పెట్టాడు. "నీ మొగుడి రాతే. చదువుకో."

చదివాను. 'అన్నయ్యా, వదిన పోయాక నీకు మిగిలింది ఆ కుర్చీ ఒక్కటే. హెల్మికి నేనున్నాను, ఓడినా తట్టుకుంటుంది' అని రాశావు. నిన్ను పెంచిన అన్న మీద నీకు జాలి ఉండడం నాకు అర్థమవుతుంది. ఆయనకే ఓటేస్తానని నాతో అనుంటే రెండు రోజులు అలిగి మానేసేదాన్ని. కాని నాకు నువ్వున్నావన్న ధైర్యంతోనే కదా నీకు అన్నీ రాసుకున్నాను.

ఆ సాయంత్రమే ఐలీ ఇంటికి వెళ్ళాను. గడప అవతలే నిలబడి క్షమించమన్నాను. మాటలు చేరవేసింది ఎవరో మాత్రం ఆమెకి చెప్పలేదు. ఆమె తలుపు సగమే తెరిచి, "బడి కోసం నీకే ఓటేస్తాను. కాఫీకి మాత్రం పిలవకు" అంది. ఏలకుల రొట్టె పట్టుకెళ్ళాను, తీసుకోలేదు.

నాకు రెండు వందల పద్నాలుగు ఓట్లు వచ్చాయి, మీ అన్నయ్యకి నూట ఎనభై మూడు. నిన్న పొద్దున ఆయనే బోర్డు కాగితాల పెట్టె మోసుకొచ్చి వరండాలో పెట్టాడు. "పదకొండు రోజుల మాట నీ నోట వచ్చుంటే ఇంకా గట్టిగా గెలిచేదానివి" అన్నాడు. ఆదివారం భోజనానికి రమ్మన్నాను, వస్తానన్నాడు. ఆయన మీద నాకు కోపం నిలవలేదు. ఆయన పోటీదారు, దొరికింది వాడుకున్నాడు.

జులై నుంచి బోర్డులో కూర్చుంటాను. సైమా సంగతులు, తోట సంగతులు ఎప్పటిలా ప్రతి ఆదివారం రాస్తాను. బోర్డు సంగతులు మాత్రం ఊరందరిలాగే నువ్వూ పేపర్లో చదువుకో. ఇంకోటి. ఓడ నుంచి నువ్వు పంపిన ఓటు కవరు వేళకే చేరిందని గుమస్తా చెప్పింది. ఎవరికి వేశావని అడగను. నాకే వేశానని నువ్వు ప్రమాణం చేసి రాసినా, ఆ ఉత్తరాన్ని దొంగ నోటేమోనన్నట్టు వెలుతురుకి పట్టుకుని చూస్తాను. ఇన్నేళ్ళలో నీ చేతిరాతని అలా చూసిన రోజు లేదు.

ఇట్లు,
నీ భార్య,
హెల్మి.