పెద్రో రాజు ఆసుపత్రులకు వెళ్ళిన రోజులు

జనవరి 5

మూడో నోట్‌బుక్ మొదలు. పెద్రోకి పదహారేళ్ళు, తల ఎత్తి చూసేసరికి పోర్చుగల్‌కి రాజు. తల్లి మరియా రాణి పురిట్లో పోయింది, పదకొండో కాన్పు. మైనరు కాబట్టి రెండేళ్ళు తండ్రి రాజ్యం చూశాడు. ఈ కుర్రాడు ఆ రెండేళ్ళలో యూరప్ తిరిగి ఫ్యాక్టరీలు, స్కూళ్ళు, ఆసుపత్రులు చూసి అన్నీ రాసుకున్నాడు. నవ్వినట్టు ఎక్కడా లేదు.

ఐదో పెద్రో జీవితం తెలుగులో ఎవరికి కావాలి? ఎవరికీ అక్కర్లేదు. ముప్పై ఏళ్ళు ల్యాబ్‌లో టైఫాయిడ్ వ్యాక్సిన్ల మీద పనిచేశాను. ఒక పాత పేపర్లో, టైఫాయిడ్‌తో పోయినవాళ్ళ జాబితాలో దొరికాడు ఈయన. రిటైరయ్యాక వదలబుద్ధి కాలేదు. రాస్తున్నాను, అంతే.

జనవరి 8

గురువారం. నువార్క్ వెళ్ళాను, ఇదలీనా గారి కేర్ హోమ్‌కి. ఎనభై ఎనిమిదేళ్ళు. నాలుగేళ్ళుగా నాకు పోర్చుగీస్ నేర్పుతున్న మనిషి. ఈ మధ్య తారీకులు మర్చిపోతోంది కానీ నా ఉచ్చారణ తప్పులు మాత్రం మర్చిపోదు.

"నోటితో కాదు ఫిల్యా, ముక్కుతో." ఫిల్యా అంటే అమ్మాయ్ అని. అరవై ఎనిమిదేళ్ళ నన్ను అమ్మాయ్ అని పిలిచేవాళ్ళు ఇంకెవరున్నారు…

రాజు కథ మళ్ళీ చెప్పింది. వాళ్ళ నాయనమ్మ చెప్పిన కథ. లిజ్బన్‌లో జ్వరాలొచ్చినప్పుడు బళ్ళున్నవాళ్ళంతా బళ్ళు కట్టుకుని పోయారట. రాజు పోలేదు. ఆసుపత్రిలో మంచం మంచం దగ్గరా ఆగి, నీ పేరేమిటి అని అడిగేవాడట.

"జనం ఆయన్ని ఎస్పెరాన్సోజు అనేవారు" అంది. ఆశలున్నవాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన ఉత్తరాల్లో ఆశ తప్ప అన్నీ ఉన్నాయి.

జనవరి 9

చాండ్లర్ నుంచి మా అమ్మాయి కీర్తి ఫోన్. కొత్త చిప్ ప్లాంట్‌లో పని ఎక్కువట. వచ్చే నెల వాళ్ళ నాన్న పుట్టినరోజు, గుడిలో అర్చన చేయించమంది. తర్వాత మామూలు మాటే:

"ఆ హాస్పిటల్ వాళ్ళని నేనెప్పటికీ ఫర్గివ్ చెయ్యను అమ్మా. లాస్ట్‌లో నిన్ను ఒక్కసారి కూడా లోపలికి రానివ్వలేదు."

"ఊఁ" అన్నాను.

ఆరేళ్ళుగా ఊఁ.

జనవరి 13

1857 రాశాను. లిజ్బన్‌లో పసుపు జ్వరం, ఎల్లో ఫీవర్. అంతకుముందు కలరా. మంత్రులు ఊరు వదలమన్నారు, ఆయన వదలలేదు. వార్డుల్లోకి వెళ్ళాడు. ఇరవై ఏళ్ళు.

నాకు తెలిసి ఆయనకి తెలియనిది ఒకటి. పసుపు జ్వరం ముట్టుకుంటే అంటుకోదు. దోమ మోసుకొస్తుంది. అప్పటికి ఆ సంగతి ఎవరికీ తెలియదు. అంటే ఆ మంచాల పక్కన నిలబడ్డందుకు ఆయనకి పెద్ద ప్రమాదం ఏమీ లేదు. కానీ ఉందనుకునే వెళ్ళాడు. ఆ గాలి పీలిస్తే చస్తానేమో అనుకుంటూనే వంగి పేరు అడిగాడు.

నేను ఇవన్నీ తెలిసినదాన్ని. మాస్క్ ఎంత ఆపుతుందో శాతాల్లో చెప్పగలను.

ఇవాళ్టికి చాలు.

జనవరి 14

చాలదు. రాయాలి. ఈ పేజీ ఎవరూ చూడరు.

కోవిడ్ మొదలైన ఆ ఏప్రిల్‌లో, కీర్తి వాళ్ళ నాన్న వెంటిలేటర్ మీదికి వెళ్ళే ముందురోజు నర్స్ ఫోన్ చేసింది. ఫ్యామిలీలో ఒక్కరు రావచ్చు, గౌన్ ఇస్తాం, మాస్క్, షీల్డ్, గ్లవ్స్ అన్నీ ఇస్తాం, పదిహేను నిమిషాలు అంది. ఇప్పుడే బయల్దేరుతున్నా అన్నాను. చెప్పులు వేసుకున్నాను. గరాజ్ తలుపు తెరిచాను. కారులో కూర్చున్నాను. చేతులు స్టీరింగ్ మీద. ఎంతసేపో తెలియదు.

తర్వాత లోపలికొచ్చి ఫోన్ చేశాను. నా వల్ల కాదు అన్నాను. "ఇట్స్ ఓకే, మ్యామ్. చాలామంది రాలేకపోతున్నారు" అంది నర్స్. టాబ్లెట్ పట్టుకుని ఆయన ముఖం చూపించింది.

మూడు రోజులకి పోయారు.

కీర్తికి చెప్పాను — రానివ్వలేదని. నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. అది నమ్మింది. అప్పుడు ఎవరినీ రానివ్వడం లేదు కదా, నమ్మక ఏం చేస్తుంది.

జనవరి 15

గురువారం. వెళ్ళలేదు. కేర్ హోమ్‌లో ఫ్లూ, కోవిడ్ రెండూ ఉన్నాయని మెసేజ్. వచ్చేవాళ్ళు మాస్క్, గౌన్ వేసుకుని రావచ్చట.

జనవరి 19

స్తెఫానీ రాణి. జర్మన్ పిల్ల. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు. బెర్లిన్‌లో పెళ్ళి, పెళ్ళికొడుకు రాకుండా, ఆయన తరఫున వేరొకరు నిలబడ్డారు. ఓడ దిగాక అసలు మొగుడిని చూసింది. ఆశ్చర్యం, ఇద్దరికీ కుదిరింది. కలిసి నడవడం, కలిసి చదువుకోవడం. అంత పొడిగా ఉత్తరాలు రాసే మనిషి ఆ ఏడాది మాత్రం కొంచెం తడిగా రాశాడు.

పద్నాలుగు నెలలు. గొంతుకి డిఫ్తీరియా. ఇరవై రెండేళ్ళకి పోయింది. ఆయన పక్కనే ఉన్నాడు.

ఆయన పక్కనే ఉన్నాడు అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. నిజం కాబట్టి.

జనవరి 21

ఉదయం కేర్ హోమ్ నర్స్ ఫోన్. ఇదలీనా గారికి జ్వరం, న్యుమోనియా. ఆసుపత్రికి పంపొద్దని ఆవిడ ఎప్పుడో సంతకం పెట్టారట.

"పోర్చుగీస్‌లో ఏదో అడుగుతున్నారు, ఈ షిఫ్ట్‌లో ఎవరికీ అర్థం కావట్లేదు. కాంటాక్ట్ లిస్ట్‌లో మీ పేరొక్కటే ఉంది."

నా పేరొక్కటే. నాకు ఎప్పుడూ చెప్పలేదు ఆవిడ.

కీర్తికి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలుసు. వద్దంటుందని చేశాను.

"అమ్మా, నో. నీకు ఆస్తమా ఉంది. అక్కడ నర్సులున్నారు కదా. నువ్వేం చేస్తావ్ వెళ్ళి? ప్లీజ్, డోంట్ గో."

సరే అన్నాను. హాయిగా అనిపించింది. ఆ హాయికి సిగ్గేసింది, అయినా హాయిగానే ఉంది.

జనవరి 22

గురువారం. వెళ్ళాను. పార్కింగ్ లాట్ దాకా. నలభై నిమిషాలు. వెనక్కి వచ్చేశాను.

జనవరి 23

ఏమీ రాయలేదు. రాజు కూడా అక్కడే ఆగిపోయాడు, భార్యని పాతిపెట్టి. ఆమె కోరిందని పిల్లల ఆసుపత్రి కట్టించడం మొదలుపెట్టాడు. అది పూర్తికావడం ఆయన చూడలేదు.

జనవరి 24

లోపలికి వెళ్ళాను.

గౌన్ వెనక ముడి నాకు అందలేదు. రిసెప్షన్ ఆమె వచ్చి వేసింది. కారిడార్‌లో ఫినాయిల్, ఉడికించిన కూరల వాసన. రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం.

ఇదలీనా గారు నన్ను గుర్తుపట్టలేదు. మాస్క్, షీల్డ్, పచ్చ గౌను… ఎవరికి మాత్రం తెలుస్తుంది. చెయ్యి పట్టుకోబోతే లాక్కుంది. పో, పో అంది. భయపడింది నన్ను చూసి. నేను పోర్చుగీస్‌లో చెప్పాను, నేను సుజాతనండీ, గురువారం వచ్చేదాన్ని. ముక్కుతోనే పలికాను. వినలేదు. గోడవైపు తిరిగి ఎవరినో పిలిచింది. "మాయ్… మాయ్…" అమ్మా అని.

నర్స్ ఇచ్చిన స్పాంజ్ తడిపి పెదవులు తుడిచాను. అది మాత్రం ఒప్పుకుంది. నీళ్ళు కావాలని అడుగుతోంది, మూడు రోజులుగా అదే అడుగుతోందట. ఆగ్వా అన్న ఒక్క మాట ఎవరూ పట్టుకోలేకపోయారు. మందమైన జ్వరపు గొంతు, నాకూ మూడోసారికి గానీ అర్థం కాలేదు. మొన్నే వచ్చి ఉంటే…

అరగంట ఉన్నాను.

బయటికొచ్చాక ఏదో బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. ఆ గదిలోకి వెళ్ళాల్సిన మనిషి ఈ గదిలోకి వెళ్ళింది, అంతే. ఆయన మంచం పక్క కుర్చీ ఆ రోజు ఎంత ఖాళీగా ఉందో ఇవాళా అంతే ఖాళీ.

జనవరి 25

మళ్ళీ వెళ్ళాను. మాట లేదు. నిద్ర.

జనవరి 26

ఉదయం ఏడింటికి పోయారు. చర్చివాళ్ళు చూసుకుంటారట. "యు వర్ సచ్ ఎ గుడ్ ఫ్రెండ్" అంది నర్స్. గురువారం పార్కింగ్ లాట్ నుంచి వెనక్కి వచ్చానని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

జనవరి 30

మళ్ళీ నోట్‌బుక్. చివరి అధ్యాయం. 1861 శరదృతువు. రాజు తమ్ముళ్ళతో దక్షిణాన ఎస్టేట్‌కి వేటకి వెళ్ళాడు. టైఫాయిడ్. అక్కడి నీళ్ళే అయి ఉంటాయి. ముందు తమ్ముడు ఫెర్నాందో, పదిహేనేళ్ళు. ఐదు రోజులకి పెద్రో. ఇరవై నాలుగేళ్ళు. ఏడాది తిరక్కుండానే ఇంకో తమ్ముడు, జువావ్. ఒక ఇంట్లోంచి మూడు శవాలు.

లిజ్బన్ వీధుల్లో జనం తిరగబడ్డారు. విషం పెట్టారన్నారు. అంత మంచివాడు, వార్డుల్లో తిరిగినా చావనివాడు, ఊరికే ఎలా చస్తాడు? దోషి కావాలి వాళ్ళకి. నీళ్ళు తాగి పోయాడంటే ఎవరు ఒప్పుకుంటారు. ఎవరింటి మీదో రాళ్ళు వేస్తే గానీ ఏడుపు ఆగదు.

ఇక్కడ పెన్ను ఆగింది.

కీర్తికి దోషిని నేనిచ్చాను. ఆరేళ్ళుగా అది రాళ్ళు వేస్తోంది. ఏ తప్పూ చెయ్యని మనుషుల మీద. మాస్క్ ముద్రలు పడ్డ ముఖంతో టాబ్లెట్ పట్టుకున్న ఆ పిల్ల మీద.

ఫిబ్రవరి 1

ఆదివారం. కీర్తికి సెలవు. చెప్పాను.

ముందు ఇదలీనా గారు పోయారని చెప్పాను. నేను వెళ్ళానన్నాను. కోప్పడింది. తర్వాత — "కీర్తీ, నాన్న దగ్గరికి నన్ను రమ్మన్నారు. నేనే వెళ్ళలేదు."



"రమ్మన్నారు అంటే? హాస్పిటల్ వాళ్ళు కాల్ చేశారా?"

"చేశారు."

"నువ్వు నో చెప్పావా?"

"భయపడ్డానమ్మా."

"నేను ఆ హాస్పిటల్‌కి లెటర్ రాశాను అమ్మా. నీకు తెలుసు. నువ్వే స్పెల్లింగ్స్ చూశావ్."

చూశాను. ఒక కామా కూడా పెట్టాను.

"నాన్నకి తెలుసా?" అంది. గొంతు చిన్నపిల్ల గొంతైపోయింది. నేను జవాబు చెప్పేలోపు పెట్టేసింది.

ఫిబ్రవరి 3

ఫోన్ లేదు.

ఫిబ్రవరి 6

లేదు. నేను చేస్తే వాయిస్‌మెయిల్‌కి పోతోంది. దాని గొంతు వినడానికి రెండోసారి చేశాను.

ఫిబ్రవరి 10

రాజు పుస్తకం అయిపోయింది. అంత్యక్రియలు, తర్వాత తమ్ముడు లూయీష్ గద్దె ఎక్కడం, చివర ఒక పేరా. ఏమీ అనిపించలేదు. ఎవరికి చదివి వినిపించాలో తెలియక సొరుగులో పెట్టాను.

ఫిబ్రవరి 12

ఆయన పుట్టినరోజు. అర్చనకి వెళ్ళాను. గోత్రం, పేర్లు అడిగారు. కీర్తి పేరు కూడా చెప్పాను.

ఇంటికొచ్చేసరికి మెసేజ్.

"టాబ్లెట్‌లో నాన్న ఏమన్నారు? ఎగ్జాక్ట్‌గా చెప్పు. అబద్ధం వద్దు."

ఆయన ఒక్కటే అడిగారు. ఆయాసంతో, ముక్కలు ముక్కలుగా. సుజా, బయల్దేరావా అని.

దారిలో ఉన్నాను అన్నాను.

అదే టైప్ చేశాను. చెరిపాను. మళ్ళీ టైప్ చేశాను. ఇంకా పంపలేదు. ఇక్కడ నాలుగైంది, చాండ్లర్‌లో రెండు. మీటింగ్‌లో ఉంటుందేమో. మీటింగ్‌లో చదవకూడదు ఇది. సాయంత్రం ఇంటికి వచ్చాక చదివినా ఒక్కతే ఉంటుంది.

అవతల నుంచి ఇంకో మెసేజ్ — "ఆర్ యు దేర్?"