పంతొమ్మిదో కాలు

3 మే 1949

వేసవి సెలవులు. జువాలజీ చెప్పే ప్రమీలమ్మ మేడమ్ నాకో పని ఇచ్చి పంపారు. మా ఊరి దిగుడుబావి నీళ్లు తాగేవాళ్లలో ఎవరెవరికి నారికురుపు లేచిందో రాయాలి. పేరు, ఏ కాలు, ఏ రోజు. కురుపులోంచి పురుగు దారంలా వస్తుంది. పుల్లకు చుట్టి రోజుకు వేలెడంత లాగుతారు. తెగిందా, కాలంతా చీము. వేలెడు! ఎంత మంచి కొలత. చూసింది చూసినట్టే రాయమన్నారు మేడమ్.

పద్దెనిమిది కేసులు.

6 మే

గొర్లు కాసే కిష్టయ్య మామ పిక్కకు ఆకు కట్టుకుని కూర్చున్నాడు. నారి లేచిందన్నాడు. విప్పి చూపించమంటే, అప్పుడే డాక్టరమ్మవైనవా బిడ్డా, పో పో అని నవ్వాడు. నేను వదల్లేదు. పుల్ల లేదు, పురుగు లేదు. ఒకవైపు చిన్న రంధ్రం, రెండోవైపు పెద్దది. పంతొమ్మిదో వరుసలో రాశాను: కుడి పిక్క. నారి కాదు. గాయం ఇటునుంచి అటు పోయింది.

మంచి అబ్జర్వేషన్. గర్వంగా ఉంది.

7 మే

అవ్వకు చదివి వినిపించాను. చెరుగుతున్న చాట కింద పెట్టేసింది. గది తుపాకి దెబ్బనే పిచ్చిదానా, దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ల కోసం మిలిటరోళ్లు ఊర్లు జల్లెడ పడుతున్నరు, ఆ కాయితం పొయ్యిల పెట్టు అంది.

ఆ పేజీ వెనక ఆరు కేసులున్నాయి. కాపీ చేసుకుని చింపుతాను.

8 మే

కాపీ సగమే అయింది.

9 మే, ఉదయం ఎనిమిది

మిలిటరీ వచ్చింది. నోట్‌బుక్ దొరికింది, ఈ డైరీ దొరకలేదు. ఇన్ని పేర్లు ఒక్కచోట చూసి సంఘం లిస్టే అనుకున్నారు. ఊరందరినీ బావి దగ్గర కూర్చోబెట్టారు. ఆఫీసర్‌కు తెలుగు రాదు, నన్ను వచ్చి చదవమంటున్నాడు. ఒక పేరు వదిలేద్దామంటే నెంబర్లు ఇంగ్లీషులో వేశాను. కళ్లద్దాలు తెచ్చుకుంటానని ఇంట్లోకి వచ్చి ఇది రాస్తున్నాను.

9 మే, మధ్యాహ్నం

చదివాను. పేరు పిలిచినవాళ్లు లేచి కాలు చూపించారు. ఇది రోగం, సంఘం కాదని ఇంగ్లీషులో చెప్పాను. ఉప్పలమ్మ పుల్ల వేలాడుతున్న కాలు ఆఫీసర్ ముందుకు చాపి, నువ్వు గూడ గీ బాయి నీళ్లే తాగినవ్ గద సారూ, వచ్చే ఏడు నీకూ లేస్తది అంది. తర్జుమా చేయమన్నాడు. చేశాను. సీసాలో నీళ్లు పారబోశాడు.

పంతొమ్మిది. కిష్టయ్య మామ లేచాడు. నా వైపు చూడలేదు. నా అక్షరాలు నాకే పెద్దగా కనబడుతున్నాయి: నారి కాదు. నారి అని చదివాను. ఆఫీసర్ కర్రతో ఆకుకట్టు వైపు చూపించాడు. పురుగు తెగింది, ముట్టుకుంటే అంటుకుంటుంది అన్నాను. అంటుకోదు. అది మేడమ్ చెప్పిన మొదటి పాఠం.

ఆఫీసర్ రెండడుగులు వెనక్కి వేశాడు. నోట్‌బుక్ నా కాళ్ల దగ్గర పడేశాడు.

10 మే

తెలుగు చదివే మనిషిని వెంటబెట్టుకుని మళ్లీ వస్తారట. అవ్వ నోట్‌బుక్ కాల్చేయమంటోంది. కాలిస్తే ఎందుకు కాల్చావని అడగరా?

11 మే

కొత్త పేజీ. పాతది పొయ్యిలో.

19. కిష్టయ్య. కుడి పిక్క. నారి. పురుగు తెగింది.

మొత్తం కేసులు: 19.