పిలిస్తే పలకని బాపు

సిరిసిల్ల, ఆదివారం రాత్రి

దేవుడు ఏర్పరచుకున్నవాళ్లకే రక్షణ అని పాస్టరుగారు ఇవాళే, అదీ మైకులో, చెప్పాలా? బట్ట నేసే సాంచాల మోతకు చెవులు మందగించి, నాలుగుసార్లు పిలిస్తేగాని పలకని మా బాపు, నన్ను తీసుకెళ్లడానికి వచ్చి చర్చి ఎదురుగా చాయ్ తాగుతూ అది మాత్రం విన్నాడు.

బండెక్కగానే మొదలు. "ఇన్నవా బిడ్డా? దేవుడు పిలిస్తేనే వస్తరట. నన్నింక పిలువలే. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?"

ఒళ్లు మండింది. అంతా దేవుడి నిర్ణయమే అయితే, ఇన్నేళ్లుగా రోజూ రాత్రి బాపు పేరెత్తి నేను మోకాళ్లు అరగదీసుకుంటున్నది దేనికి? ఆ కోపంలో ప్రార్థన చేయకుండానే పడుకున్నాను.

గోడ అవతల నుంచి బాపు అడిగాడు. "ఏం బిడ్డా, ఇయ్యాల నా పేరు ఇనవడలే? పానం మంచిగ లేదా?"

అంటే ఈ చెవిటి మనిషి రోజూ వింటూనే ఉన్నాడన్నమాట!