రోస్కాలో దొరకని బొమ్మ

జనవరి 6, సాయంత్రం

బొమ్మ నాకే వచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

ఏటా ముగ్గురు రాజుల పండగకి మా వీధి కొట్లవాళ్లమంతా ఎర్మెలిందా బేకరీలో చేరి రోస్కా కోసుకుంటాం. ఆ గుండ్రటి రొట్టెలో ఎర్మెలిందా తన చేత్తో బాలయేసు బొమ్మ ఒకటి దాస్తుంది. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లు ఫిబ్రవరి రెండున, కందెలారియా పండగనాడు, అందరినీ ఇంటికి పిలిచి, మొక్కజొన్న పిండిని డొప్పల్లో చుట్టి ఉడికించే తమాలెలు పెట్టాలి. తిన్నాక వీధి సంగతులు అక్కడే తేల్చుకుంటాం.

ఈసారిది చిన్న సంగతి కాదు. సిటీ కౌన్సిల్లో మా వార్డు సీటుకి ఎర్మెలిందా కూతురు నెరేయిదాని నిలబెట్టాలి. ఇంతవరకు ఆ సీట్లో సరిహద్దు దాటి వచ్చిన మనవాళ్లెవరూ కూర్చోలేదు. కొట్ల లైసెన్సులు, అద్దెలు, ఆఖరికి ఆదివారం సంత కూడా మన గోడు పట్టనివాళ్ల చేతుల్లోనే. నెరేయిదాకి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది నేనే. అందుకే ఆ పిల్ల నన్ను మద్రీనా అంటుంది, వాళ్లమ్మ కొమాద్రే అంటుంది.

నా ముక్క రెండోసారి కొరికేసరికి బొమ్మ పంటికి గట్టిగా తగిలింది. నాలుకతో బుగ్గలోకి తోసేశాను. మూతి తుడుచుకున్నట్టు చేసి రుమాల్లోకి ఊసేశాను. విందు పెడితే ఇంటినిండా జనం, గుమ్మం ముందు బారులుతీరిన కార్లు, కాగితాల్లేనివాళ్లని పట్టుకెళ్లడానికి ఊళ్లో తిరుగుతున్న ఆ ఇమిగ్రేషన్ వ్యాన్లు. ఎలీసియోకి ఈ దేశంలో ఉండే కాగితాలు లేవు. నా మొగుడు తప్ప ఆ క్షణంలో నాకింకేం గుర్తురాలేదు.

ముక్కలన్నీ అయిపోయినా బొమ్మ లేదు. బూట్ల కొట్టు దోన్ ఫెర్మీన్ ఊరుకుంటాడా! పైగా మా కొట్లవాళ్ల సంఘం ప్రెసిడెంటు. ఏం ఎర్మెలిందమ్మా, గుడ్ల ధర పెరిగిందని బాలయేసుని కూడా మానేశావా, కూతురు కౌన్సిల్‌కి వెళ్లకముందే పొదుపు మొదలెట్టేశారే అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

జనవరి 7

ద్రాక్షతోటలో కత్తిరింపు పని నుంచి వచ్చి ఎలీసియో చేతులు కడుక్కుంటుంటే చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. నన్నొక మాట అడగాలిగా ఒతీలియా అన్నాడు. ఇన్నేళ్లూ నక్కి నక్కి బతికానే, ఆ ఒక్కపూటా తలుపులు బార్లా తీసేవాణ్ణి కదా అన్నాడు. రేపు వెళ్లి నాకే వచ్చిందని చెప్పెయ్, పిండి నేను కలుపుతాలే అన్నాడు. సరేనన్నాను.

జనవరి 8

వెళ్లలేదు.

జనవరి 11

వెళ్లాను. అప్పటికే ఫెర్మీన్ మాట వీధంతా పాకింది. రొట్టెలకి వచ్చిన ఆడవాళ్లు ఇందులోనైనా ఏమైనా ఉందా తల్లీ అని పరాచికాలాడుతున్నారట. నేను వేశాను కొమాద్రే, నా బిడ్డ మీద ఒట్టు, కిందనుంచి ఈ వేలితోనే దూర్చాను అని ఎర్మెలిందా ఏడ్చింది. వేసే ఉంటావు, ఎవరో దాచేసుంటారు అన్నాను. ఎవరా దొంగమొహం, నా కొట్టు పరువు తీసింది అంది. నా రొట్టెలు తీసుకుని వచ్చేశాను.

జనవరి 19

నా కుట్టు కొట్లో ఇంకో ఆర్డర్ క్యాన్సిల్, ఆడపిల్లకి పదిహేనేళ్లు నిండిన పండగకి కుట్టే గౌను. హాలునిండా చుట్టాల్ని పోగేసి అందర్నీ ఒకేసారి పట్టిమ్మంటావా అని పిల్ల తల్లి ఫోన్లో కసిరింది. ఆమెనేం అనగలను? గౌను మెడకి కుట్టిన పూసలు కూర్చుని విప్పేశాను.

జనవరి 25

సంఘం మీటింగ్. బొమ్మ రాలేదు కాబట్టి తమాలెలు పెట్టాల్సిన పని ఎవరికీ లేదన్నారు. ఒక్కొక్కరి మొహంలో ఎంత ఊరటో! భయం అందరికీ ఉంది. సాకు మాత్రం నేనిచ్చాను.

రొట్టె చేసినావిడనే పెట్టమనండి అన్నాడు ఫెర్మీన్. ఎర్మెలిందా లేచింది. పెడితే బొమ్మ వెయ్యలేదని ఒప్పుకున్నట్టే, చచ్చినా పెట్టను, నీ సంఘాన్ని నీ బూట్లలో కుక్కుకో అని వెళ్లిపోయింది. వెనకాలే నెరేయిదా. గుమ్మం దగ్గర ఆగి నావైపు చూసింది. మద్రీనా ఏదో ఒకటి అంటుందని కాబోలు. నేను చేతిసంచి జిప్పు సర్దుకుంటూ కూర్చున్నాను. సిగ్గులేని దాన్ని.

ఫిబ్రవరి 2

ఎలీసియో మొక్కజొన్న డొప్పలు కొనుక్కొచ్చి నానబెట్టాడు. ఇప్పటికైనా పిలవ్వే అన్నాడు. పిలవలేదు. ఇద్దరమే తిన్నాం. బాగా కుదిరాయి.

ఫిబ్రవరి 13

పొద్దున పనికి వెళ్తూ ఎలీసియో కాఫీ కొనుక్కుందామని పెట్రోలు బంకులో ఆగాడట. ఆ వ్యాన్లవాళ్లు అక్కడే పట్టుకున్నారు. పికప్ తలుపు తీసే ఉంది, తాళాలు అందులోనే ఉన్నాయి. విందు లేదు, గుంపు లేదు. ఒక్కడే ఉన్నాడు.

ఫిబ్రవరి 24

కౌన్సిల్‌కి వెళ్లాను. నా మాట ఇంగ్లిషులో చెప్పడానికి నెరేయిదా తోడొచ్చింది. ఎలీసియోని దేశం దాటించెయ్యకుండా, ఇతను మా ఊరివాడు, మంచివాడు అని ఒక ఉత్తరం రాసిమ్మన్నాం. మా వార్డు కౌన్సిలర్ పాపం అన్నట్టు తలూపి, అది మా చేతిలో లేదమ్మా అన్నాడు. పక్క ఊరి కౌన్సిల్లో మనవాళ్లున్నారు మద్రీనా, అక్కడ ఉత్తరాలూ ఇస్తున్నారు, లాయర్లనీ పెడుతున్నారు అంది నెరేయిదా, కారు తీస్తూ.

నామినేషన్‌కి ఇంకా టైముంది, నిలబడు తల్లీ అన్నాను. ఒక్కపూట కలిసి తినడానికి రానివాళ్లు ఓటెయ్యడానికి వస్తారా, మా అమ్మని చూసి నవ్వినవాళ్ల గుమ్మాలెక్కి నేను బతిమాలాలా అంది.

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. నెరేయిదా నన్ను మా ఇంటిదాకా తెచ్చింది. కారు ఆపి, ఇది అమ్మకి నువ్వే చెప్పుకో అంది. మద్రీనా అనలేదు.

మార్చి 1

ఎర్మెలిందాకి చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నేనెప్పుడూ తీసుకునే రొట్టెలే సంచిలో వేసి కౌంటర్ మీద పెట్టింది. ఇంకేమైనా కావాలా సెన్యోరా అంది, ముక్కూమొహం తెలియని గిరాకీని అడిగినట్టు. పాతికేళ్ల కొమాద్రే!

మార్చి 6

నామినేషన్లకి ఆఖరి రోజు. వచ్చింది ఒక్క పేరే, ఇప్పుడున్నాయనదే. పోటీ లేదు కనక మా వార్డులో ఎన్నికే ఉండదట.

మార్చి 29

ఎలీసియోని సరిహద్దు అవతల వదిలేశారు, అక్కణ్నించే ఫోన్ చేశాడు. నెరేయిదా నిలబడిందా అన్నాడు.

నిలబడింది అన్నాను.

వీధంతా వెనకాల ఉన్నారా అన్నాడు.

అందరం ఉన్నాం అన్నాను.