హుసేనమ్మ పేరు మీద ఎర్ర గీత

ఆదోని
ఆగస్టు 12

నా చిన్ననాటి రజినికి,

నలభై ఏళ్ల తర్వాత ఈ మేరికి నేనెందుకు గుర్తొచ్చానా అనుకుంటావేమో. బజారులో మన చర్చికి ఈ డిసెంబరుతో నూటపాతికేళ్లు నిండుతాయి. టీచరుగా రిటైరై ఖాళీగా ఉందని, చరిత్ర పుస్తకం రాసే పని నా నెత్తిన పెట్టారు. కరువులో గంజి పోసిన దొరలు, రాళ్లు మోసి గోడలు లేపిన మన తాతలు, అంతా రాశాను. సభ్యుల పుస్తకంలో 1971 దగ్గర చెయ్యి ఆగిపోయింది. మీ అమ్మ హుసేనమ్మ పేరు మీద ఎర్ర సిరాతో అడ్డగీత. పక్కన అప్పటి పాస్టరు, మా నాన్న చేతిరాత: "పీర్లకు చక్కెర చదివించినందుకు ప్రభువు బల్ల నుంచి వెలి."

రొట్టె, ద్రాక్షరసం ఆపడంతో మొదలైన ఆ వెలి ఎంతదాకా పోయిందో నీకు చెప్పాలా? ఆమె పోతే మన సమాధుల తోటలో ఆరడుగుల నేల ఇవ్వలేదు. పూడ్చడానికి ఎండలో ఎద్దులబండి మీద ఎమ్మిగనూరుకు తీసుకుపోయారు.

సంఘపెద్ద యేసేపన్న ఆ పేజీ చూసి, "పండగ పూట పాత గొడవలు యాలమ్మా, తీసెయ్" అన్నాడు. తీసేస్తే సంఘం కన్నా ముందు బతికిపోయేది నేను. చెప్పింది నేనే రజినీ. సండే స్కూల్లో ఈ వారం ఎవరెక్కడికి వెళ్లారని అడిగితే, ఎనిమిదేళ్ల నేను గొప్పగా లేచి, హుసేనమ్మత్త నన్ను పీర్ల చావిడికి తీసుకెళ్లి, పీర్ల ముందు చదివించిన చక్కెర పెట్టిందని చెప్పాను. ఇంట్లో నాన్న అడిగితే మళ్లీ చెప్పాను. తప్పని తెలిశాక యాభై ఏళ్లు నోరు కుట్టుకున్నాను. పిరికిదాన్ని.

ఆ పేజీ ఉంచమంటావా, తీసేయమంటావా? నీ మాటే ఆఖరు.

నీ మేరి


ఎమ్మిగనూరు
ఆగస్టు 20

మేరక్కకు,

మగ్గం ఆపి నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెప్పింది నువ్వేనని మాకు ఆ రోజే తెలుసు. "నా కూతురు అబద్ధమాడదు" అని మీ నాన్నే అన్నాడు. నేను నీతో కొట్లాటకు బయల్దేరితే అమ్మ ఆపింది. "దానికేం తెలుసే. సావు తప్పి బతికిన పిల్ల, దాన్నేమీ అనొద్దు" అన్నది.

నీకు తెలియంది ఒకటుంది. ఆ ఏడు నీకు టైఫాయిడ్ వచ్చి, ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మీ ఇంట్లో ప్రార్థనలప్పుడు అమ్మ కూడా మోకాళ్ల మీదే ఉంది. అది చాలదేమోనని భయపడి పీర్లకు మొక్కింది. ఆ చక్కెర చదివించింది నీ పేరునే. ఎవరికోసమని పెద్దలు అడిగితే పెదవి విప్పలేదు. చెప్తే మీ నాన్న తలెత్తుకోలేడని.

చచ్చేదాకా ఆదివారాలు చర్చి గేటు బయట నిలబడి పాటలు వినేది. నువ్వు ఆమెను దాటుకునే లోపలికి పోయేదానివి.

క్షమించానని రాయాలని చూశాను, చెయ్యి రాలేదు. అమ్మయితే రాసేది. ఆ పేజీ తీయొద్దు. ఎవరు చెప్పారో, ఎవరికోసం మొక్కిందో అదీ రాయి. పండగనాడు అందరి ముందు నువ్వే చదవాలి. వినడానికి నేనొస్తాను.

రజిని