గంధం రంగులో మూడు రకాలు

ఫిబ్రవరి 3, సోమవారం, ఉదయం 9
మిర్యాలగూడకు కోడలిగా వచ్చి మూడేళ్లు. ఈ ఇంట్లో నన్నొక మాట అడగడం ఇదే మొదలు! మా గదికి రంగు ఎంచమని మా ఆయన కార్డు తెచ్చిచ్చారు. ఇకమీదట ‘మీ ఇష్టం’ అనను. ఒట్టు!

4, మంగళవారం
పెయింటర్ కొండల్ గోడ మీద మూడు పట్టీలు వేశాడు. అన్నీ గంధం రంగులే. కార్డు మీది ఇంగ్లీషు పేర్లు నాకు రావు. నేనే పెట్టాను:
తవుడు.
బిస్కెట్.
పాలెక్కువైన చాయ్.
"మూడు ఒక్క తీర్గనే ఉన్నయ్ గదనే!" అన్నారు ఆయన. పెళ్లిచూపుల్లో నన్నూ మా చెల్లినీ చూసి కూడా ఇదే అన్నారట.
నాకు చాయే కావాలి. సాయంత్రం ఎండ పడితే అదొక్కటే నవ్వుతుంది. తవుడు ఏడుస్తుంది.
"ఏదేద్దాం, జెప్పు."
"మీ ఇష్టం."
అలవాటులో వచ్చేసింది. లెక్కలోకి రాదు.

6, గురువారం
అత్తమ్మతో చెబుదామని వెళ్లాను. చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నేనూ కూర్చుని ఒలిచాను. కిలో అయిపోయింది. మాట రాలేదు. అయినా తొందరేముంది, గోడ ఎక్కడికి పోతుంది?
‘మీ ఇష్టం’: ఇవాళ రెండుసార్లే.

7, శుక్రవారం, ఉదయం 6
ఉపాయం! అసలు నోరెందుకు? చాయ్ పట్టీకి కుంకుమ బొట్టు పెట్టాను. వాళ్లే అర్థం చేసుకుంటారు.

6.40
అత్తమ్మ చూశారు. "ఎంత భక్తే నీకు! పని మొదలువెట్టంగ బొట్టు వెట్టాలెనని మాకే యాదికి లేకపాయె." మిగతా రెండింటికీ తానే పెట్టారు. కొబ్బరికాయ కూడా కొట్టారు!

9.00
"ఏది కొట్టమంటరు సారూ?" అన్నాడు కొండల్. ఆయన నన్ను చూశారు. నేను నేలను చూశాను.
"మూడిటికి బొట్లున్నయ్. కలిపి కొట్టు" అన్నారు ఆయన.

9, ఆదివారం
గది పూర్తయింది. చల్లారిన జావ రంగు.
కోదాడ నుంచి ఆడపడుచు సరిత వచ్చింది. "భలే ఉంది వదినా! ఎవరు సెలెక్ట్ చేశారు?"
ఆయన ఛాతీ విరుచుకుని, "ఇంకెవలు? మా ఇంట్ల మీ వదిన మాటనే ఫైనల్!" అన్నారు.
అత్తమ్మ తలూపారు. నేనూ ఊపాను. నాకేమైంది?

10, సోమవారం
వంటగదికీ వేయిస్తారట. మళ్లీ గంధం రంగులే. ఈసారి నాలుగు!
బండి స్టార్ట్ చేస్తూ అడిగారు. "మూడోది" అన్నాను. నిజంగా అన్నాను! చప్పుడులో ఆయనకు వినబడలేదు.
"ఆఁ? ఏది?"
"ఏదైనా సరే."
‘మీ ఇష్టం’ అనలేదు కదా!
రేపు ఆయన బండి తాళంచెవి వెతుక్కుంటుండగానే చెప్పేస్తాను. గట్టిగా.