కంచెల మీద డెస్

మార్చి 8, శనివారం

రోజంతా పోలింగ్ జరిగే స్కూలు గేటు దగ్గర, మాకు ఓటెలా వెయ్యాలో చెప్పే కార్డులు పంచాను. అవతలి పార్టీ డెస్ హాలమ్ నా పక్కనే నిలబడి తనవి పంచాడు. పాతికేళ్ళుగా మా కొరబిన్ అసెంబ్లీ సీటు ఆయనదే. నాకు సాసేజ్ పెట్టిన బ్రెడ్డు కొనిచ్చి, ఎక్కడినుంచో స్టూలు కూడా తెచ్చి వేశాడు. బ్యాలెట్లో మా పార్టీ పేరంటూ ఒకటి ఉండాలి కాబట్టి నన్ను నిలబెట్టారు, అంతే. ఆసుపత్రి డ్యూటీకి సెలవు కూడా పెట్టక్కర్లేదన్నారు. నర్సు నోలీన్‌కి ఎవరు వేస్తారు?

మార్చి 9

గెలిచాను.

రాష్ట్రమంతా మా పార్టీ ఊడ్చేసింది. అవతలివాళ్ళకి మిగిలినవి రెండే సీట్లు. డెస్ ఫోన్ చేసి మనస్ఫూర్తిగా అభినందించాడు. ఆ తర్వాత ఒక్కటే అడిగాడు.

"మన డయాలసిస్ మెషీన్లు మాత్రం పోనివ్వకు అమ్మాయ్."

మా అన్నయ్య నెవిల్ వాటి మీదే బతుకుతున్నాడు. పోనివ్వనని మాటిచ్చాను.

మార్చి 15

డెస్ పోయాడు.

మా ఊళ్ళో ఓడినవాళ్ళు తమ ఫోటోలున్న ఎన్నికల బోర్డులు తామే పీక్కోవాలి. గెలిచినవాళ్ళవి వానకి నానిపోయేదాకా ఉంటాయి. గోధుమ గోదాముల దగ్గర కంచెకి కట్టిన తీగ తెంపుతూ గుండె పట్టుకుని కూలిపోయాడట. చేతిలో ప్లయర్ అలాగే ఉందట. మిగిలిన బోర్డులు తియ్యడానికి ఎవరికీ చేతులు రావడం లేదు.

మార్చి 21

సమాధి దగ్గర డెస్ భార్య లోర్నాని అడిగాను, బోర్డులు నన్ను తీసెయ్యమంటారా అని. ఉండనీ, నిన్ను చూస్తూ ఉంటాడు అంది.

ఏప్రిల్ 2, పెర్త్

పార్టీ మీటింగ్. ఎంతమంది గెలిచామంటే కుర్చీలు చాల్లేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాను. మా మెషీన్లని ఇక్కడి పెద్దాసుపత్రికి తెచ్చేస్తారట. చెయ్యెత్తి వద్దన్నాను. మంత్రి నా పేరేమిటని పక్కవాణ్ణి అడిగాడు.

బయటికొచ్చాక ఒక సీనియర్ జాలిగా చెప్పాడు. ఒకటి రెండు ఓట్లతో ప్రభుత్వం నిలిచిన రోజుల్లో, తన ఓటు కావాల్సొచ్చేది కాబట్టి డెస్ మాట చెల్లిందట.

"ఇప్పుడు నువ్వు ఎదురుతిరిగినా మాకు లెక్కలేదు తల్లీ."

ఏప్రిల్ 5

ఊరికి తిరిగొచ్చే దారి పొడుగునా ప్రతి గేటు దగ్గరా డెస్. అదే నవ్వు. ఎండకి మొహం వెలిసిపోయింది, కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఒకచోట కారాపి, నన్నేం చెయ్యమంటావు అని పైకే అడిగాను. గాలికి బోర్డు తలూపింది. భయమేసి వచ్చేశాను.

మే 30

ఆసుపత్రుల బడ్జెట్ మీద పార్టీకి ఎదురు ఓటేశాను. ఎవరూ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

జూన్ 11

మెషీన్లు లారీ ఎక్కాయి. నెవిల్ వాకిట్లో కుర్చీ వేసుకుని లారీ మలుపు తిరిగేదాకా చూశాడు. ఇక వారానికి మూడుసార్లు పెర్త్ దాకా ఎలా వెళ్ళొస్తాడు?

"డెస్ ఉండుంటే..." అన్నాడు. నా మొహం చూసి ఆగిపోయాడు.

జూన్ 12

ప్లయర్ తీసుకెళ్ళి నా బోర్డులన్నీ పీకేశాను. డెస్‌వి ఉన్నాయి.